డెబ్బై ఏళ్ళ వయసులో హాస్టల్ తెరిచిన జాన్ బాచెలర్



మన సంఘం తెచ్చే ఈ సావనీర్‌లో మన వీరుల గురించి, మన జాతరల గురించి, మన పాటల గురించి పెద్దలు చాలామంది రాస్తారు. మేము హాస్టల్ వార్డెన్లం. మాకు తెలిసిందల్లా పిల్లలు, వాళ్ళ చదువు, వాళ్ళ తిండి, వాళ్ళ దిగులు. అందుకే మాలాగే ఆదివాసీ పిల్లల కోసం హాస్టల్ నడిపిన ఒక మనిషి జీవితం మీకు చెప్పాలనుకున్నాం. ఆయన మన దేశం వాడు కాదు. ఆయన పని చేసిన దేశం కూడా ఆయనది కాదు. ఇంగ్లండులో పుట్టి, జపాను దేశంలో ఐనూ అనే ఆదివాసీల మధ్య 60 ఏళ్ళకు పైగా బతికిన ఆ మనిషి పేరు జాన్ బాచెలర్.

పేరు వినగానే మా హాస్టల్ పిల్లలు నవ్వారు. పేరులో బాచెలర్ ఉన్నా ఆయనకు పెళ్ళయింది, ఒక ఐనూ అమ్మాయిని కూతురిగా పెంచుకున్నాడు కూడా. ఆ కథ ముందు ముందు వస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆయన క్రైస్తవ మిషనరీ. మన సంఘంలో అన్ని మతాల వాళ్ళూ ఉన్నారు, తాతల నాటి కొలుపులనే నమ్ముకున్న వాళ్ళూ ఉన్నారు. ఏ మతం గొప్పదో చెప్పడానికి ఇది రాయడం లేదు. చదువు పేరుతో బయటి మనిషి మన మధ్యకు వచ్చినప్పుడు మనకు ఏం దక్కుతుంది, ఏం పోతుంది, మన చేతుల్లో ఏం ఉంటుంది అని ఆలోచించడానికి రాస్తున్నాం.

ఐనూలు ఎవరు?

జపాను దేశానికి ఉత్తరాన హొక్కైడో అనే పెద్ద దీవి ఉంది. చలికాలమంతా మంచు కప్పేసే నేల. ఐనూలు అక్కడి మూలవాసులు. వాళ్ళ భాషలో ఐనూ అంటే మనిషి అనే అర్థం. నదిలో సాల్మన్ చేపలు, అడవిలో జింకలు, ఎలుగుబంట్లు, దుంపలు, ఆకులు, ఇవే వాళ్ళ జీవనం. ఊరిని కోతన్ అంటారు. నిప్పు, నీరు, ఎలుగుబంటి, గుడ్లగూబ అన్నీ వాళ్ళకు దేవుళ్ళే. దేవుణ్ణి కముయ్ అంటారు. వాళ్ళ భాషకు లిపి లేదు. కానీ యుకర్ అనే వీరగాథలు రాత్రంతా పాడినా తరగనంత పొడవుగా ఉంటాయి. పొయ్యి చుట్టూ కూర్చుని ముసలివాళ్ళు పాడుతుంటే పిల్లలు వినేవాళ్ళు. మన గూడేల్లో కథలు నడిచే తీరు గుర్తొస్తోంది కదూ?

1869లో జపాను ప్రభుత్వం ఆ దీవికి హొక్కైడో అని పేరు పెట్టి, దక్షిణం నుంచి జనాన్ని తెచ్చి స్థిరపరచడం మొదలుపెట్టింది. వేటకు వాడే విషపు బాణాలను 1876లో నిషేధించింది. నదుల్లో సాల్మన్ పట్టడం మీద ఆంక్షలు వచ్చాయి. 1877లో చేసిన భూమి నిబంధనలతో ఐనూలు నివసించే నేల సర్కారు భూమి కింద లెక్కకు వచ్చింది. తరతరాలుగా తిరిగిన అడవిలో, నదిలో వాళ్ళే దొంగలయ్యారు. ఈ ముక్క మీకు వివరించి చెప్పక్కర్లేదు. పోడు కేసులు, ఫారెస్టు కేసులు చూసిన కళ్ళు మనవి.

సరిగ్గా ఆ 1877లోనే బాచెలర్ హొక్కైడోలో అడుగుపెట్టాడు.

జబ్బు చేసి వచ్చిన కుర్రవాడు

బాచెలర్ 1854 మార్చి 20న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో అక్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. మిషనరీగా పని చేయాలనే కోరికతో 1876లో హాంగ్‌కాంగ్ వెళ్ళాడు. అక్కడ చైనా భాష నేర్చుకుంటుండగా జ్వరాలు పట్టుకున్నాయి. ఆ వేడి, ఆ ఉక్క ఆయనకు పడలేదు. చల్లని చోటికి వెళితే గాని ప్రాణం నిలవదనే స్థితి వచ్చింది. అలా 1877లో హొక్కైడో దక్షిణ తీరంలోని హకోదాతే రేవుకు చేరాడు. అప్పటికి ఆయన వయసు 23. ఐనూల కోసం ఆయన రాలేదు. ప్రాణం నిలుపుకోవడానికి వచ్చాడు, వచ్చాక ఐనూలను చూశాడు.

హకోదాతేలో చర్చ్ మిషనరీ సొసైటీ అనే ఇంగ్లండు సంస్థ అప్పటికే పని మొదలుపెట్టింది. 1879లో బాచెలర్ కూడా అందులో చేరాడు. ఐనూలను స్థిరనివాసులు ఎంత చిన్నచూపు చూస్తున్నారో ఆయన కళ్ళారా చూశాడు. వాళ్ళ భాష నేర్చుకుంటే గాని వాళ్ళతో మాట్లాడలేనని అర్థమైంది.

ఆ ఏడాదే సారు నది లోయలోని బిరతోరి అనే కోతన్‌కు వెళ్ళాడు. అక్కడి పెద్ద పేరు పెన్రి. అంతకు ముందు ఏడాదే ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషు యాత్రికురాలు కూడా ఆ పెన్రి ఇంట్లోనే బస చేసింది. బాచెలర్ నెలల తరబడి ఆ ఇంట్లో ఉండి, వాళ్ళతో తిని, వాళ్ళ పొయ్యి దగ్గరే కూర్చుని మాటలు నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, పంతులు లేడు. విన్న మాటను విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడమే. అక్కడ ఆయన విద్యార్థి, ఊరివాళ్ళు గురువులు. తరువాత ఆయన ఎన్ని బడులు పెట్టినా, ఐనూల దగ్గర ఆయన మొదటి చదువు ఆ పొయ్యి దగ్గరే జరిగిందని మరచిపోకూడదు.

ఆ రోజుల్లో విదేశీయులు రేవు పట్టణాల్లోనే ఉండాలి. లోపలి ఊళ్ళకు పోవాలంటే సర్కారు అనుమతి పత్రం కావాలి. కాబట్టి ఐనూ ఊళ్ళలో ఎక్కువ కాలం ఉండడం ఆయనకు సులువు కాలేదు. అయినా పదే పదే వెళుతూనే ఉన్నాడు. 1884లో సాటి మిషనరీ సోదరి లూయిసా ఆండ్రూస్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కూడా చివరిదాకా ఆయనతో పాటు ఐనూల మధ్యే జీవించింది.

పొరుగువారి ప్రేమ అనే బడి

1885లో కన్నారి తారో అనే యువకుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఐనూలలో క్రైస్తవం స్వీకరించిన మొదటివాడు అతనే. హోరోబెత్సు అనే ఊరివాడు. ఆ ఊళ్ళోనే 1888లో బాచెలర్ ఐనూ పిల్లల కోసం ఒక బడి ప్రారంభించాడు. దాని పేరు ఐరిన్ బడి. పొరుగువారిని ప్రేమించడం అని ఆ పేరుకు అర్థం.

ఆ బడిలో ఒక విశేషం ఉంది. అక్కడ పిల్లలకు ఐనూ భాషను రాయడం, చదవడం నేర్పారు, ఇంగ్లీషు అక్షరాలతో. అప్పటిదాకా ఐనూ పిల్లవాడు ఏ అక్షరం నేర్చినా అది పరాయి భాషను చదవడానికే. తన అమ్మ మాట కాగితం మీద కనిపించడం అదే మొదలు. బాచెలర్ ఉద్దేశం సూటిగానే ఉంది. పిల్లలు తమ భాషలో బైబిలు చదవాలి, ప్రార్థన పుస్తకం చదవాలి, పాటలు పాడాలి. అందుకే అక్షరం నేర్పాడు. కానీ అక్షరం నేర్చిన చేయి ఏం రాయాలో నేర్పినవాడు నిర్ణయించలేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1889లో ఆయన ఐనూ, ఇంగ్లీషు, జపనీస్ భాషల నిఘంటువు అచ్చయింది. ఆ తరువాత దాన్ని పెంచుతూ 1905లో, 1926లో, 1938లో మళ్ళీ మళ్ళీ అచ్చు వేయించాడు. మొదటి అచ్చుకూ చివరి అచ్చుకూ మధ్య దాదాపు 50 ఏళ్ళు. 1897లో బైబిలు కొత్త నిబంధన మొత్తం ఐనూ భాషలో వెలువడింది. ఐనూల జీవితం, వాళ్ళ కథలు, నమ్మకాల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశాడు. బయటి ప్రపంచానికి ఐనూ అనే పేరు బాగా తెలిసింది ఆ పుస్తకాల వల్లే.

1892లో హొక్కైడో రాజధాని సప్పోరోకు మకాం మార్చాడు. అక్కడ జబ్బుపడి ఊళ్ళ నుంచి వచ్చే ఐనూలకు ఉచితంగా వైద్యం అందే ఏర్పాటు చేశాడు. కొత్తగా వచ్చిన జనంతో పాటు కొత్త రోగాలు కూడా కోతన్‌లకు వచ్చిన రోజులవి.

ఆయనకు అర్థం కానివి

మహానుభావుడి జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసే అలవాటు మనకుంది. మా పిల్లలకు మేము అలా చెప్పం. బాచెలర్‌కు అర్థం కాని విషయాలు చాలా ఉన్నాయి.

మద్యం సంగతే తీసుకోండి. బయటి వ్యాపారులు సాకే అనే బియ్యపు సారాను ఐనూ ఊళ్ళలోకి దింపి, దానికి బదులు వాళ్ళ కష్టాన్ని దోచుకున్నారు. ఎన్నో కుటుంబాలు దాంతో చెడిపోయాయి. బాచెలర్ తాగవద్దని పోరాడాడు, అందులో తప్పు లేదు. కానీ ఐనూలు దేవుళ్ళకు మొక్కేటప్పుడు ముందు సాకే చుక్కలు చిలకరించి గాని ప్రార్థన మొదలుపెట్టరు. మన పండుగల్లో ఇప్పసారా చుక్క నేల మీద వేయకుండా పెద్దలు పూజ మొదలుపెడతారా? కాబట్టి ఆయన సారా మానమంటే కొందరు పెద్దలకు దేవుణ్ణే మానమన్నట్టు వినిపించింది. వాళ్ళకు కోపం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఐనూల పాత నమ్మకాలను ఆయన శ్రద్ధగా రాసి పెట్టాడు, కానీ వాటి స్థానంలో తన మతం రావాలని కోరుకున్నాడు. ఒక చేత్తో దాచిపెట్టినదాన్ని ఇంకో చేత్తో మార్చాలని చూశాడు. చాలామంది ఆ కాలపు పండితుల్లాగే ఆయన కూడా ఐనూలను అంతరించిపోతున్న జాతిగా చూశాడు. తన వాళ్ళు అంతరించిపోతున్నారని పక్కవాడు పుస్తకంలో రాస్తే చదివే ఐనూ కుర్రాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆయన నిఘంటువులో కూడా తప్పులున్నాయి. ఆ తప్పులను అందరికంటే గట్టిగా ఎత్తి చూపింది ఎవరో తెలిస్తే మీకు సంతోషం కలుగుతుంది. ఆ పేరు ఇంకాసేపట్లో చెబుతాం.

సప్పోరోలో హాస్టల్

1899లో జపాను ప్రభుత్వం ఐనూల రక్షణ పేరుతో ఒక చట్టం చేసింది. వ్యవసాయం చేసుకునే కుటుంబానికి 5 హెక్టార్ల దాకా భూమి ఇస్తామంది. 15 ఏళ్ళలో సాగు చేయకపోతే తిరిగి తీసుకుంటామంది. వేటతో, చేపలతో బతికిన వాళ్ళను ఒక్కసారిగా రైతులుగా మార్చే చట్టం అది. ఐనూ పిల్లల కోసం విడిగా బడులు పెట్టారు. అక్కడ మామూలు పిల్లల బడుల కంటే తక్కువ పాఠాలు. చదువంతా జపనీస్‌లోనే. ఐనూ భాషకు ఆ బడుల్లో చోటు లేదు. ప్రభుత్వ బడులు పెరిగే కొద్దీ మిషన్ బడుల పని తగ్గిపోయింది.

ఆ చిన్న బడి చదువు అయ్యాక పిల్లలు ఎక్కడికి పోవాలి? పై చదువులు పట్నంలో ఉన్నాయి. పట్నంలో ఉండడానికి ఇల్లు లేదు, డబ్బు లేదు, తెలిసినవాళ్ళు లేరు. పైగా ఐనూ పిల్లవాడని తెలిస్తే హేళన. మా హాస్టళ్ళలో చేరే ప్రతి పిల్లకూ ఉన్న కష్టమే అది.

1923లో బాచెలర్ మిషనరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. అప్పటికి 69 ఏళ్ళు. ఇంగ్లండు వెళ్ళిపోయి ప్రశాంతంగా బతకవచ్చు. వెళ్ళలేదు. మరుసటి ఏడాది, 1924లో, 70 ఏళ్ళ వయసులో, సప్పోరోలో ఐనూ విద్యార్థుల కోసం హాస్టల్ ప్రారంభించాడు. కోతన్‌ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఉండి పట్నంలోని బడులకు వెళ్ళి పై చదువులు చదువుకునేవాళ్ళు. తరువాత అది బాచెలర్ విద్యాలయం అనే పేరుతో నడిచింది. తోకుగావా యోషిచికా వంటి జపాను పెద్దమనుషులు కూడా దానికి అండగా నిలబడ్డారు.

హాస్టల్ అంటే నాలుగు గోడలు, ఇనప మంచాలు అనుకుంటారు చాలామంది. వార్డెన్లుగా మాకు తెలిసింది వేరు. ఊరు వదిలి మొదటి రాత్రి పడుకున్న పిల్ల దుప్పటి కింద ఏడుస్తుంటే పక్కన కూర్చునే మనిషి ఉండాలి. బడి నుంచి ఆలస్యంగా వస్తే తలుపు దగ్గర ఎదురుచూసే మనిషి ఉండాలి. అప్పుడు గాని అది హాస్టల్ కాదు. డెబ్బై ఏళ్ళ ముసలాయన ఆ పనికి పూనుకున్నాడంటే, ఆయన మతంతో మాకు సంబంధం లేకపోయినా, చేతులెత్తి దండం పెడతాం.

కూతురు యాయేకో

బాచెలర్ దంపతులకు పిల్లలు లేరు. 1906లో ముకై యాయేకో అనే ఐనూ యువతిని దత్తత తీసుకున్నారు. ఆమె 1884లో పుట్టింది. దత్తత నాటికి ఎదిగిన మనిషే. ఆమెను తమతో పాటు ఇంగ్లండుకు కూడా తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చాక ఆమె ఐనూ ఊళ్ళలోనే ఉండి మత ప్రచారకురాలిగా పని చేసింది.

ఆమె కవయిత్రి కూడా. జపాను వాళ్ళ పాతకాలపు చిన్న పద్యం తంకా. ఆ పద్యంలోకి యాయేకో తన ఐనూ మాటలను తెచ్చింది. 1931లో అచ్చయిన ఆమె పద్యాల సంపుటి పేరుకు ఐనూ యువ బంధువులకు అని అర్థం. అంటే మీలాంటి పిల్లల కోసం రాసింది. పరాయి తల్లిదండ్రుల ఇంట్లో పెరిగినా, పరాయి దేశం చూసి వచ్చినా, ఆమె కలం పట్టింది తనవాళ్ళ కోసమే. ఆమె తమ్ముడు ముకై యమావో చర్చి గురువు అయ్యాడు. యుద్ధం అయిపోయాక 1946లో ఐనూలు తమ హక్కుల కోసం హొక్కైడో ఐనూ సంఘం పెట్టుకున్నప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే.

బడిలో నేర్చిన అక్షరం ఏం చేసింది?

ఇప్పుడు ముందు చెప్పిన మాట దగ్గరికి వద్దాం.

హోరోబెత్సు కన్నారి వంశంలోనే మత్సు, నామి అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ అమ్మ మొనాషినౌకు యుకర్ పాడడంలో పేరున్న మనిషి. మత్సు 1875లో పుట్టింది. చిన్నప్పుడు దెబ్బ తగిలి జీవితాంతం ఊతకర్రల మీద నడిచింది. ఈ అక్కచెల్లెళ్ళు హకోదాతేలోని మిషన్ బడిలో చదువుకున్నారు, ఐనూ భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్చుకున్నారు. చదువయ్యాక ఇద్దరూ మిషన్ పనిలో చేరారు. తరువాత మత్సు అసాహికావా దగ్గర చికాబుమి అనే ఊళ్ళో స్థిరపడింది.

నామి కూతురు చిరి యుకియే. 1903లో పుట్టింది. పెద్దమ్మ మత్సు దగ్గరే పెరిగింది. ఇంట్లో అమ్మమ్మ యుకర్లు పాడుతుంది, పెద్దమ్మకు రాయడం వచ్చు. బడిలో మాత్రం ఐనూ పిల్ల అని చిన్నచూపు. 1918లో కిందాయిచి క్యోసుకే అనే భాషా పండితుడు ఆ ఇంటికి వచ్చి, ఈ పాటలు ఎంత విలువైనవో ఆ అమ్మాయికి చెప్పాడు. యుకియే ఇంగ్లీషు అక్షరాల్లో పాటలు రాయడం మొదలుపెట్టింది. 1922లో ఆ పని కోసమే టోక్యో వెళ్ళింది. ఆమె గుండె బలహీనమైంది. ఆ ఏడాది సెప్టెంబరు 18న, 19 ఏళ్ళకే చనిపోయింది. మరుసటి ఏడాది ఆమె పుస్తకం వచ్చింది. ఐనూ దేవుళ్ళ పాటలు 13, ఒక పక్క ఐనూ, ఇంకో పక్క జపనీస్ అనువాదం. ఒక ఐనూ మనిషి తనవాళ్ళ పాటలను తనే రాసి తెచ్చిన ఆ పుస్తకాన్ని జపానులో ఈ రోజుకీ చదువుతున్నారు.

మేనకోడలు కాదు, కూతురిలా పెంచుకున్న పిల్ల పోయాక మత్సు కలం పట్టింది. డజన్ల కొద్దీ నోటు పుస్తకాల నిండా తన తల్లి దగ్గర విన్న యుకర్లు రాసింది. 1956లో జపాను ప్రభుత్వం ఆమెను పతకంతో గౌరవించింది.

ఇక నిఘంటువులో తప్పులు పట్టింది ఎవరంటే, యుకియే సొంత తమ్ముడు చిరి మషిహో. అతను టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, హొక్కైడో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. బాచెలర్ నిఘంటువును అతను విమర్శించినంత ఘాటుగా ఇంకెవరూ విమర్శించలేదు. తన భాష గురించి తప్పు రాస్తే తప్పని చెప్పగల ఐనూ పండితుడు వచ్చాడు. అతని తల్లి నామి చదివింది మిషన్ బడిలోనే అని గుర్తుంచుకోండి. ఏ గురువుకైనా ఇంతకంటే మంచి ఫలితం ఏం కావాలి? గురువుకు ఇష్టమైనా కాకపోయినా శిష్యుల ఇంటి పిల్లలు గురువును దాటిపోయారు.

బైబిలు చదవడానికి నేర్పిన అక్షరంతో వాళ్ళు తమ దేవుళ్ళ పాటలను బతికించుకున్నారు. బాచెలర్ జీవితంలో మాకు కనిపించిన పెద్ద విషయం ఇదే.

చివరి రోజులు

1936లో లూయిసా సప్పోరోలోనే కన్నుమూసింది. అప్పటికే జపానుకూ ఇంగ్లండుకూ మధ్య సంబంధాలు చెడుతున్నాయి. ఇంగ్లీషువాళ్ళంటే జపానులో అనుమానం పెరిగింది. భార్య సమాధిని, కూతురిని, 60 ఏళ్ళ పనిని అక్కడే వదిలి 1940లో బాచెలర్ జపాను విడిచి వెళ్ళవలసి వచ్చింది. అప్పటికి 86 ఏళ్ళు. మళ్ళీ రాలేకపోయాడు. 1944 ఏప్రిల్ 2న ఇంగ్లండులో చనిపోయాడు. ఆయన సొంత దేశం, ఆయన పని చేసిన దేశం ఒకదానితో ఒకటి యుద్ధం చేస్తున్న కాలంలో. యాయేకో 1962 దాకా జీవించింది.

ఆయన సప్పోరోలో నివసించిన ఇల్లు హొక్కైడో విశ్వవిద్యాలయం వారి వృక్షశాస్త్ర ఉద్యానంలో ఈనాటికీ భద్రంగా ఉంది.

ఐనూల కథ కూడా అక్కడితో ఆగలేదు. బాచెలర్ భాష నేర్చుకున్న ఆ సారు నది లోయలోనే 1926లో కయానో షిగెరు పుట్టాడు. ఐనూ భాష పిల్లలకు నేర్పడానికి బడి పెట్టాడు. 1994లో జపాను పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి ఐనూ ఆయనే, అక్కడ ఐనూ భాషలో మాట్లాడాడు కూడా. 1899 నాటి చట్టం 1997లో రద్దయింది. ఐనూలు ఆ నేల మూలవాసులని 2008లో పార్లమెంటు తీర్మానం చేసింది. 2020లో శిరావోయ్‌లో ఐనూల జాతీయ మ్యూజియం తెరిచారు. అంతరించిపోతారని పుస్తకాల్లో రాసినవాళ్ళు పోయారు, ఐనూలు ఉన్నారు. కానీ భాష మాత్రం చాలా నష్టపోయింది. ఇంట్లో పుట్టుకతో ఐనూ మాట్లాడేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. పాటలు పుస్తకాల్లో ఉన్నాయి, నాలుక మీదికి మళ్ళీ తెచ్చుకోవడానికి ఆ పిల్లలు ఇప్పుడు కష్టపడుతున్నారు.

మన సంగతి

మన దగ్గర కూడా ఇలాంటి మనుషులు లేకపోలేదు. బాచెలర్ కాలంలోనే పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, నిఘంటువు తయారు చేశారు. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు పిల్లలకు గోండీలో చదువు మొదలైంది. వాళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం. కానీ మన మత్సులు, మన యుకియేలు ఎంతమంది? ఆ లెక్క వేసుకోవలసింది మనమే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు తమలో తాము కోయ మాట్లాడుకుంటుంటే, చదువు రావాలంటే తెలుగులోనే మాట్లాడండని మేమే ఎన్నోసార్లు అన్నాం. వాళ్ళ మంచికే అనుకున్నాం. రెండేళ్ళు గడిచాక ఒక ఆదివారం ఒక తల్లి బిడ్డను చూడడానికి వచ్చింది. తల్లి కోయలో అడుగుతోంది, బిడ్డ తెలుగులో జవాబు చెబుతోంది. పక్కన స్నేహితులున్నారని సిగ్గు. తల్లి ముఖం చూశాక మేము ఆ మాట అనడం మానేశాం. పిల్లల మంచి కోరే మనిషి చేతుల మీదుగా కూడా ఒక భాష పోవచ్చని ఆ రోజు తెలిసింది. బాచెలర్ గురించి చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది ఆ తల్లి ముఖమే.

ఇప్పుడు మీ చేతుల్లో సెల్‌ఫోన్ ఉంది, తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. అవ్వనో తాతనో అడిగి ఒక్క పాట, ఒక్క కథ, పోనీ ఇరవై చెట్ల పేర్లు మన భాషలో రికార్డు చేయండి. తరువాత నోటు పుస్తకంలో విన్నది విన్నట్టే రాయండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. తప్పులుంటాయేమోనని భయపడవద్దు. మీ తరువాత వచ్చే చెల్లెలు దిద్దుతుంది, మషిహో దిద్దినట్టు.

సెలవులు అయ్యాక ఆ పుస్తకం పట్టుకుని హాస్టల్‌కు రండి. మేము తలుపు దగ్గర ఎదురుచూస్తుంటాం.

జై ఆదివాసీ.